ఎడమకు తిరిగే ఇంజను

షెడ్డు నుంచి
సోమవారం

అక్కా,

నేను క్షేమం. మన పిచ్చుక క్షేమం, రోజూ కాలేజీకి వెళ్తోంది. షెడ్డు తలుపు మాత్రం క్షేమంగా లేదు.

ముందు నవ్వు, తర్వాత తిడుదువుగాని. నాన్న రొట్టెలు పంచిన చిన్న కారు ఉంది కదా, దానికి పడవ ఇంజను పెట్టాను. నిన్న మధ్యాహ్నం మొదటిసారి స్టార్టు చేసి మొదటి గేరు వేసి క్లచ్చి వదిలితే కారు వెనక్కి పోయింది. తలుపుని కూడా తీసుకుని, ఎదురు హార్డువేరు షాపాయన బయట పేర్చుకున్న బకెట్ల మీదుగా వెళ్లి ఆగింది. ఆయన బయటికొచ్చి బకెట్ల వంక చూడలేదు, కారు వంక చూడలేదు. "ఏమయ్యా, మీ పందెం ఎటువైపు?" అని నన్ను అడిగాడు.

సంగతి ఏంటంటే, పెద్ద పడవల్లో రెండు ఇంజన్లు పక్కపక్కన ఉంటాయి. రెండూ ఒకే వైపు తిరిగితే పడవ పక్కకి లాగుతుందని ఒకటి కుడికి, ఒకటి ఎడమకి తిరిగేలా చేస్తారు. పాత పడవలు విప్పే చోట రెండూ దుమ్ములో పడి ఉంటే, చూడటానికి శుభ్రంగా ఉన్నదాన్ని ఏరుకొచ్చాను. అది ఎడమది. ఇరవై ఏళ్లుగా బస్సులు బాగుచేసేవాడిని, ఇంజను ఎటు తిరుగుతుందో చూడటం మర్చిపోయాను. ఇప్పుడు నా కారుకి వెనక్కి పోవడానికి నాలుగు గేర్లు, ముందుకి పోవడానికి ఒకటి.

పందేలు జరిగే మైదానంలో ఎవరికీ చెప్పలేదు. పాల వ్యానుకి రెండు మోటారుసైకిల్ ఇంజన్లు కట్టినాయన ఉన్నాడే, ఆయన చెవిన పడితే ఇంక నన్ను బతకనివ్వడు. పళ్ల డాక్టరు పాత అంబులెన్సులో ట్రాక్టరు ఇంజను పెడితే ఆరు నెలలు నవ్వాడు.

ఒక ఉపాయం తోచింది. వెనక ఇరుసుని ఊడదీసి తలకిందులుగా బిగిస్తే చక్రాలు ఇటు తిరుగుతాయి, కారు ముందుకి పోతుంది. గేర్ల సంగతి నీకు తెలిసినట్టు నాకు తెలియదు కాబట్టి అడుగుతున్నాను. బిగించేయనా?

కాలు బాగానే ఉంది. దాని గురించి అడగొద్దు.

మీ తమ్ముడు


ఫ్యాక్టరీ క్వార్టర్స్
గురువారం

ఒరేయ్,

నవ్వమన్నావు, నవ్వాను. బకెట్ల దగ్గర నవ్వాను. తర్వాత ఉత్తరం మడిచి డబ్బాలో పెట్టి గంటసేపు ఏ పనీ చేయలేకపోయాను.

పోయినేడు నీ కారు బోర్లా పడ్డప్పుడు పదకొండు వారాలు ఆసుపత్రి బల్ల మీద కూర్చున్నది నేను. ఆ బల్లకి ఎన్ని మేకులున్నాయో ఇప్పటికీ చెప్పగలను. నీ ఎడమ కాలిలో కడ్డీ వేసిన రోజు, "అక్కా, ఇంక ఆ మైదానం మొహం చూడను" అన్నావు. మత్తులో ఉన్నావు కాబట్టి అది ఒట్టు కిందకి రాదంటావు. కుక్క తోక వంకర అని ఊరికే అన్నారా.

పాత పళ్లతో ఇరుసు తలకిందులుగా బిగించకు. గేరు పంటికి రెండు ముఖాలుంటాయి. ముందు ముఖం బరువు మోయడానికి, వెనక ముఖం బ్రేకు వేసినప్పుడు కాస్త ఆనడానికి. నువ్వు చెప్పినట్టు చేస్తే కారు ముందుకు పోతుంది నిజమే, కానీ బరువంతా వెనక ముఖం మీద పడుతుంది. రోజూ బజారుకి వెళ్లే కారైతే ఏడాది లాగుతుంది. పందెం మొదలయ్యే గీత దగ్గర ఒక్కసారిగా తొక్కే కారుకి పళ్లు రాలిపోతాయి. రాలిన పన్ను మిగతా పళ్ల మధ్య పడితే వెనక చక్రాలు బిగుసుకుపోతాయి. ఆ వేగంలో చక్రాలు బిగుసుకుంటే ఏమవుతుందో నీకు ఒకసారి తెలిసింది.

నువ్వు మానవని తెలుసు. నేను వద్దంటే ఆ పళ్లతోనే వెళ్తావని కూడా తెలుసు. అందుకని నేనే కోస్తాను. పళ్ల వాలు అటుది ఇటు తిప్పి కొత్త జత కోస్తే, ఇరుసు తలకిందులుగా బిగించినా బరువు ముందు ముఖం మీదే పడుతుంది. భోజనం వేళలో గేర్లు కోసే మిషను వాడుకోవచ్చని మా ఫోర్‌మన్ ఒప్పుకున్నాడు. పాత జత కొలతలు, చక్రం ఎత్తు, ఖాళీ కారు బరువు, మనిషీ పెట్రోలూ కలిపి మొత్తం బరువు రాసి పంపు. ఉజ్జాయింపు వద్దు, తూచి రాయి.

పిచ్చుక ఉత్తరాలు మరీ పొట్టిగా వస్తున్నాయి. "బాగున్నాను, చదువుతున్నాను" అంటుంది, అంతే. మీ బావ పోయాక ఉన్న ఒక్కదాన్నీ నీ చేతిలో పెట్టాను. దాన్ని షెడ్డు దగ్గరకి ఎక్కువ రానివ్వకు.

అక్క


షెడ్డు నుంచి
మంగళవారం

అక్కా,

నీ కాళ్లు కడిగి నెత్తిన చల్లుకోవాలి. నీ చేతి గేరు వస్తుందంటే నాకు నిద్ర పట్టింది. మా డిపోలో కూడా చేసినవాళ్ల గుర్తుగా నీ నంబరు కొట్టిన గేరు వస్తే విప్పి చూడకుండా బిగించేస్తారు. పిచ్చుక ఆ నంబరు చూసి, "ఇది మా అమ్మ" అని అందరికీ చెప్పుకుంటుంది.

కొలతలు వేరే కాగితం మీద గీశాను. లారీల కాటా దగ్గర తూచాం. ఖాళీ కారు ఏడు వందల తొంభై కిలోలు. మనిషీ పెట్రోలూ కలిపి ఎనిమిది వందల యాభై రెండు. పెట్రోలు పది కిలోలకి మించదు.

మైదానం అంటే నువ్వు భయపడుతున్నట్టు ఏమీ ఉండదు. విమానాలు దిగడం మానేసిన పాత దారి, నాలుగు వందల మీటర్లు, రెండు కార్లు పక్కపక్కన, అంతే. పదిహేను సెకన్ల పని. వచ్చేవాళ్లంతా మనలాంటి వాళ్లే. గడియారాలు బాగుచేసే ఆయన ఒకడు కొత్తగా వచ్చాడు, పెళ్లివాళ్లకి అద్దెకిచ్చే పొడుగాటి కారులో నిప్పులార్పే బండి ఇంజను పెట్టాడు. అందులో సోఫా కూడా తీయలేదు. పెద్ద పందెం ఇంకా ఆరు వారాలుంది.

పిచ్చుక బాగా చదువుతోంది. అప్పుడప్పుడు స్పానర్లు అందిస్తుంది, అంతకంటే ఏం లేదు. దాని పనితీరు మాత్రం నీదే. బోల్టు బిగించి మళ్లీ ఒకసారి ముట్టుకుని చూస్తుంది.

మీ తమ్ముడు


ఫ్యాక్టరీ క్వార్టర్స్
శనివారం

తమ్ముడూ,

పార్సిలు పంపుతున్నాను. పెద్ద చక్రం నలభై ఒక్క పళ్లు, చిన్నది పది. రెండూ ఒకదానితో ఒకటి రుద్ది జత చేసినవి, విడదీయకు. నల్లపూత పూయించాను, తుడవకు. నంబరు వెనక వైపు కొట్టాను.

బిగించాక మెల్లగా నడిపి అలవాటు చేయాల్సిన పని లేదు. మొదటిసారే గీత దగ్గర నిలబెట్టి గట్టిగా తొక్కు. నీ అలవాటు ప్రకారం తొక్కు.

పిచ్చుక పరీక్షలు ఎప్పుడో రాయమను.

అక్క


షెడ్డు నుంచి
ఆదివారం సాయంత్రం

అక్కా,

మూడు వారాలుగా రాయలేదని కోపం పెట్టుకోకు. ప్రతి ఆదివారం మైదానంలోనే తెల్లారుతోంది. ఇప్పటికి తొమ్మిది పరుగులు అయ్యాయి.

కారు ముందుకు వెళ్తోంది. ఇంత చిన్న విషయానికి మనిషి ఇంత సంతోషపడతాడని నాకు తెలియదు. మొదటి పరుగులో పాల వ్యానాయన్ని ఓడించాం. రొట్టెల కారుని చూసి, "నాకు రెండు బన్నులు" అన్నవాడు, పరుగయ్యాక వచ్చి వంగి కారు కిందకి చూస్తూ పావుగంట ఉన్నాడు. డాక్టరు అంబులెన్సు ఇంకా ముందే ఉంది. కానీ దగ్గరికొచ్చాం.

నువ్వు గట్టిగా తొక్కమన్నావు గానీ, మేము వేరేలా చేస్తున్నాం. పడవ ఇంజనుకి లాగుడు ఎక్కువ, గీత దగ్గర తొక్కితే టైర్లు ఉత్తినే గిరగిరా తిరుగుతున్నాయి. అందుకని క్లచ్చిని పాలమీద మీగడ తీసినట్టు మెల్లగా వదిలి, వంద మీటర్లు దాటాక పూర్తిగా తొక్కడం. అలా అయితే చివర్లో వేగం భయంకరంగా ఉంది. నీ గేరు చలించలేదు. మైదానంలో అందరూ ఈ జత ఎక్కడ చేయించావంటే మా అక్క అంటున్నాను.

పెద్ద పందెం ఇంకా రెండు వారాలు.

మీ తమ్ముడు


ఫ్యాక్టరీ క్వార్టర్స్
బుధవారం

తమ్ముడికి,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. తర్వాత పాతవి కూడా తీసి చదివాను. ఒక్క ఉత్తరంలోనైనా "నేను నడిపాను" అని ఉందేమోనని వెతికాను. లేదు. "వదిలితే" అని ఉంది. "ఓడించాం" అని ఉంది. "తొక్కడం" అని ఉంది. ఎవరు?

పాలమీద మీగడ తీసినట్టు క్లచ్చి వదిలే మనిషివి కాదు నువ్వు. సైకిలు నేర్చుకున్నప్పుడే రెండు చెయిన్లు తెంపినవాడివి.

తర్వాత బరువుల కాగితం తీశాను. ఎనిమిది వందల యాభై రెండులోంచి ఏడు వందల తొంభై తీస్తే అరవై రెండు. పెట్రోలు పది పోతే యాభై రెండు. నువ్వు ఎనభై ఎనిమిది కిలోలు, ఆసుపత్రి చీటీ ఇంకా నా దగ్గర ఉంది. ఆ లెక్క నేను గేరు కోసిన రోజే చేయాల్సింది. ఎనిమిది వందల యాభై రెండు అని వేసుకుని పని మొదలుపెట్టాను, విడదీసి చూడలేదు. ఆ రోజు నా బుర్ర ఇంకోచోట ఉంది.

మన ఇంట్లో యాభై రెండు కిలోల మనిషి ఒక్కతే ఉంది.

దాన్ని ఆ కారులో కూర్చోబెట్టకు. పందెంలోనే కాదు, ఊరికే స్టార్టు చేయడానికి కూడా వద్దు. కారణం అడగకు. ఎదురు షాపుకి మూడుసార్లు ఫోను చేశాను, ఎవరూ ఎత్తలేదు. ఈ ఉత్తరం అందగానే జవాబు రాయి. నిన్న ఒక గేరుకి ఒక పన్ను ఎక్కువ కోశాను.

అక్క


షెడ్డు నుంచి
సోమవారం

అక్కా,

తప్పు నాదే. తేలు కుట్టిన దొంగలా ఇన్నాళ్లు ఉన్నాను. ఇప్పుడు దాచను.

నా కాలు క్లచ్చి మీద ఆనదు. కడ్డీ వేసిన దగ్గర వంగడం లేదు. ఇంజను దించుతున్నప్పుడే ఆ సంగతి నాకు తెలుసు, అయినా మనసు ఊరుకోలేదు. కారుని తలుపులోంచి తీసుకెళ్లిన రోజు సీట్లో ఉన్నది పిచ్చుకే. బకెట్ల మధ్యలోంచి దిగి, "మామయ్యా, ఇంజను ఎడమకి తిరుగుతోంది" అని మొదట కనిపెట్టింది కూడా అదే. నేను అడగలేదు అక్కా, అదే అడిగింది. నేను వద్దనలేదు. అక్కడే నా తప్పు.

నువ్వు దాన్ని ఒకసారి చూడాలి. పక్క కారు ఎంత అరుస్తున్నా దాని మొహంలో ఏమీ ఉండదు. బయల్దేరమనే దీపం వెలిగేదాకా కనురెప్ప వేయదు. డాక్టరు వాళ్లావిడ ప్రతి ఆదివారం వచ్చి దాని హెల్మెట్టు తాడు తనే బిగిస్తుంది. కాకి పిల్ల కాకికి ముద్దు అంటావు, సరే, మైదానంలో ఎవరినైనా అడుగు.

కారణం అడగొద్దన్నావు, అడగను. తల్లివి. కానీ ఈ ఆదివారమే పెద్ద పందెం, అది ఆరు వారాలుగా ఎదురుచూస్తోంది. ఆపితే నాతో మాట్లాడదు. నిన్న నీ ఉత్తరం గురించి మాట తిప్పి కదిపాను. "అమ్మకి భయం నా మీద కాదు మామయ్యా, కారు మీద. కారులో బరువు మోసేదంతా అమ్మ చేసిందే, ఇంకా భయం ఎందుకు?" అంది. దానికి నేనేం చెప్పను?

నీ ఉత్తరం శనివారమే అందినా దాన్ని ఆపలేకపోయాను. నిన్నటి రెండు పరుగుల్లో వెనక నుంచి సన్నగా ఒక మూలుగు వస్తోంది, చివరి వంద మీటర్లలో. కొత్త గేరు కదా, సర్దుకుంటోంది అనుకుంటున్నాం. కాదా?

మీ తమ్ముడు


ఫ్యాక్టరీ గేటు దగ్గర
గురువారం మధ్యాహ్నం

తమ్ముడూ,

ఇది మా సరుకు లారీ డ్రైవరు చేతికి ఇస్తున్నాను. రేపు పొద్దున నీ షెడ్డు ముందు ఆగి నీ చేతికే ఇస్తాడు. ఇది చదివేసరికి పిచ్చుక పక్కన ఉంటే బయటికి పంపించు.

ఆ గేరు సర్దుకోవడం లేదు. అరిగిపోతోంది. నేను దాన్ని గట్టిపరచలేదు.

కోయడం సరిగ్గానే కోశాను. వాలు, లోతు, ఆనే చోటు, అన్నీ. కోసిన గేరుని కొలిమిలో కాల్చి నూనెలో ముంచితేనే పంటికి గట్టిదనం వస్తుంది. అది చేయలేదు. చేసినట్టు కనబడాలని పైన నల్లపూత వేయించాను. ఏమరుపాటు కాదు. కావాలని చేశాను.

నా లెక్క ఇది. నువ్వు ఎనభై ఎనిమిది కిలోల మనిషివి, నీ పాదం నాకు తెలుసు. గీత దగ్గర ఒక్క తొక్కుడుకి మెత్తటి పళ్లు ఊడిపోతాయి. కారు రెండు అడుగులు కదిలి, పెద్ద చప్పుడు చేసి ఆగిపోతుంది. నిలబడ్డ కారులో ఎవరికీ దెబ్బ తగలదు. పాల వ్యానాయన నవ్వుతాడు, నీకు సిగ్గేస్తుంది, ఇంక మానేస్తావు. గట్టిగా తొక్కమని అందుకే రాశాను. మళ్లీ ఆ బల్ల మీద కూర్చోలేననిపించి అలా చేశాను రా. ఇంత తెలివి ఎందుకొచ్చిందో నాకు.

పిచ్చుక మెల్లగా వదిలింది. అందుకే మొదటి రోజు విరగలేదు. పదకొండు పరుగుల్నుంచీ కొద్దికొద్దిగా అరుగుతూ, అన్నిటికంటే వేగంగా వెళ్లే చోట విరగడానికి సిద్ధంగా ఉంది. మూలుగు చివరి వంద మీటర్లలో అన్నావు. అది చదివి మిషను ఆపేసి ఈ కాగితం తీసుకున్నాను.

పోయిన వారం ఉత్తరంలోనే ఇది రాయాల్సింది. కలం పట్టుకున్నాను, నా నంబరు కళ్ల ముందుకొచ్చింది. ఇరవై రెండేళ్లలో ఆ నంబరుతో ఒక్క చెడ్డ గేరు బయటికి పోలేదు. పోయిన ఒక్కటీ నా కూతురు కిందకి పోయింది. కారణం అడగకు అని రాసి తప్పించుకున్నాను. ఆ ఆదివారం రెండు పరుగులు అయ్యాయి కదా. ఆ రెండూ నా లెక్కలోకి వస్తాయి.

నమ్మకపోతే ఇరుసు విప్పి పంటి చివర ఆకురాయి పెట్టి చూడు. గట్టి గేరు మీద ఆకురాయి జారిపోతుంది. దీన్ని కొరుకుతుంది.

నేనే ఈ లారీ ఎక్కి రావాలి. డ్రైవరు చోటుందన్నాడు కూడా. కానీ దాని మొహం చూసి ఈ మాట చెప్పే ధైర్యం లేదు. దానికి చెప్పకు. గేరులో ఏదో లోపం అని చెప్పి ఆపు. నీ మీద ఒట్టు, చెప్పకు.

అక్క


షెడ్డు నుంచి
సోమవారం

లారీ శుక్రవారం పదింటికి వచ్చింది. చదివాను. పిచ్చుక కాలేజీలో ఉంది. ఇరుసు విప్పాను. ఆకురాయి అక్కర్లేకపోయింది, పళ్ల అంచులు చేత్తో తడిమితేనే తెలుస్తున్నాయి. మూడు పళ్ల మొదట్లో సన్నటి పగుళ్లున్నాయి. అయినా ఆకురాయి పెట్టాను. కొరికింది.

ఆదివారం మేము పరిగెత్తలేదు. అంబులెన్సు గెలిచింది.

నాకు నీ మీద కోపం లేదని రాద్దామనుకున్నాను, అబద్ధం అవుతుంది. ఉంది. నేను మానాలనుకుంటే నా చెంప మీద కొట్టాల్సింది. నువ్వు కొడితే పడేవాడిని, ఎప్పుడు పడలేదు? నేను దాన్ని కూర్చోబెట్టిన సంగతి దాచాను, నువ్వు గేరు సంగతి దాచావు, మధ్యలో అది ఒక్కటే ఏమీ దాచకుండా గంటకి నూట అరవై మీద వెళ్లింది. ఇద్దరం ఇద్దరమే.

ఇంక అసలు సంగతి. నీ మాట ప్రకారం దానికి నిజం చెప్పలేదు. "పళ్లు పగిలాయి, గేరులో లోపం ఉన్నట్టుంది" అన్నాను. అది ఆ చక్రాన్ని తిప్పి వెనక వైపు నీ నంబరు చూసింది. "అమ్మ గేరులో లోపం ఉండదు. మనమే తప్పు బిగించాం" అంది.

శనివారమంతా ఇరుసు ముక్కముక్క విప్పి పరిచింది. బేరింగులు కొలిచింది. చక్రాల సందు సర్దే పలుచటి రేకులు కొలిచింది. నూనె ఒంపి గుడ్డలో వడకట్టింది. ఏదీ దొరకలేదు. ఆదివారం అందరూ మైదానానికి వెళ్లాక కూడా అదే పని. చివరికి చిన్న చక్రం వెనక రేకు ఒకటి వెంట్రుక మందం తక్కువ పడిందని తేల్చుకుని, "నేనే మామయ్యా, ఇది నేనే బిగించాను. అమ్మ ఇంత కష్టపడి కోస్తే పాడుచేశాను" అని ఏడ్చింది. ఇప్పుడు నీకు క్షమాపణ ఉత్తరం రాస్తోంది. పోస్టు చేయమని నాకిస్తుంది. నేను దాన్ని పోస్టు చేయలేను అక్కా. ఏం చేయమంటావో చెప్పు.

తమ్ముడు


ఫ్యాక్టరీ క్వార్టర్స్
గురువారం

తమ్ముడూ,

ఆ ఉత్తరం పోస్టు చేయకు, చింపకు కూడా. శనివారం మొదటి బస్సుకి వస్తున్నాను. కొత్త జత కోశాను, కొలిమిలో పెట్టే దగ్గర నుంచి నూనెలో ముంచే దాకా పక్కనే నిలబడ్డాను. దానికి నేనే చెప్తాను.

అక్క


ఫ్యాక్టరీ క్వార్టర్స్
మంగళవారం

తమ్ముడూ,

క్షేమంగా చేరాను. బస్సులో సీటు దొరికింది.

శనివారం నువ్వు టీ తెస్తానని చెప్పి గంటన్నర రాలేదు. కావాలనే రాలేదని తెలుసు. ఆ గంటన్నరలో ఏం జరిగిందో పిచ్చుక నీకు చెప్పి ఉండదు, దాని నోట్లోంచి మాట రావడం కష్టం. అందుకని రాస్తున్నాను.

బల్ల మీద పాత చక్రం ఉంది. దాని పక్కన నిలబడి చెప్పాను. గట్టిపరచలేదన్నాను, పూత వేయించానన్నాను, కావాలని చేశానన్నాను. అది బిగించిన రేకుకీ దీనికీ సంబంధం లేదన్నాను. కూర్చుని చెప్పలేకపోయాను. అది చేతులు తుడుచుకుంటూ విన్నది. తుడుచుకోవడం అయిపోయాక కూడా తుడుచుకుంటూనే ఉంది.

తర్వాత ఒక్క మాట అడిగింది. "మామయ్య అయితే పరవాలేదా అమ్మా?"

గీత దగ్గరే ఆగిపోతుందనుకున్నాను, దెబ్బ తగలదనుకున్నాను అని మొదలుపెట్టాను. ఉత్తరంలో రాసినప్పుడు ఆ లెక్క సరిగ్గానే కనిపించింది. దాని ముందు పైకి చెబుతుంటే ఎక్కడా నిలబడలేదు. నువ్వు మెల్లగా తొక్కి ఉంటే? నీ కాలికి ఆ రోజు నొప్పిగా ఉండి ఉంటే? అది అడగలేదు, నాకే వినబడింది. మధ్యలో ఆపేశాను. పరవాలేదు కాదమ్మా, తప్పు చేశాను అన్నాను. నీకు కూడా ఆ మాట చెప్పాలి. ఇప్పటిదాకా అన్ని ఉత్తరాల్లో కారణాలే రాశాను. తప్పు చేశాను రా.

అది ఏడవలేదు. ఏడిస్తే దగ్గరకి తీసుకునేదాన్ని, ఆ అవకాశం కూడా ఇవ్వలేదు. నేను తెచ్చిన పెట్టె తెరిచింది. కొత్త చక్రాన్ని బల్ల మీద పెట్టి దీపం దగ్గరకి లాగింది. గోడకి తగిలించిన ఆకురాయి తీసుకుంది. మొదటి పంటి చివర పెట్టి గీసింది. జారింది. రెండో పన్ను. జారింది. ఒకటి రెండు చూస్తే చాలు అని నోటిదాకా వచ్చింది. ఇరవై రెండేళ్లలో నా ముందు నా గేరు మీద ఎవరూ ఆకురాయి పెట్టలేదు. నలభై ఒక్క పళ్లూ చూసింది. తర్వాత చిన్న చక్రం తీసి ఆ పదీ చూసింది. నేను పక్కనే నిలబడ్డాను. ఒక్కో పన్నూ నేనూ లెక్కపెట్టాను. అవి గట్టిగా ఉన్నాయని నాకు తెలుసు, కాల్చింది నేను, ముంచింది నేను, అయినా లెక్కపెడుతూనే ఉన్నాను.

అంతా అయ్యాక "గట్టిగానే ఉంది" అంది. నా వైపు చూడలేదు. నంబరు వైపు కూడా చూడలేదు. నువ్వు టీతో వచ్చింది అప్పుడే. చల్లారిపోయింది ఆ టీ.

బస్సు దగ్గర నువ్వు సంచి పైన పెడుతున్నప్పుడు అది కిటికీ దగ్గరకి వచ్చింది. చెయ్యి పైకెత్తి ఊచ పట్టుకుంది. గోళ్లలో గ్రీజు. "అమ్మా, నెల తర్వాత మళ్లీ పందెం ఉంది. వెళ్తాను" అంది. నన్ను అడగలేదు, చెప్పింది. నేను తల ఊపాను. వద్దనే హక్కు నేనే పోగొట్టుకున్నాను.

బస్సు కదిలాక రెండడుగులు పక్కన నడిచింది. "పళ్లు అరిగితే ఇంకో జత కావాలి. నువ్వే కొయ్యి. నేను చూసుకుని బిగిస్తాను" అంది.

అక్క